రిక్రూటర్ చూపు ఆగే చోటు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకునేవారిలో చాలామంది తమ రెజ్యూమెను మొదట చదివేది తమలాంటి ఇంజినీరే అనుకుంటారు. వాస్తవానికి దానిని మొదట తెరిచేది రిక్రూటర్, అంటే సంస్థ నియామక విభాగంలోనో, ఆ సంస్థ తరఫున అభ్యర్థులను వెతికిపెట్టే కన్సల్టెన్సీలోనో పనిచేస్తూ, ఒకే వారంలో జావా డెవలపర్‌నూ డేటా ఇంజినీర్‌నూ టెస్టింగ్ నిపుణుణ్నీ వెతికి పంపవలసిన వ్యక్తి. ఆ వ్యక్తి జీవితంలో ఒక్క ప్రోగ్రామూ రాసి ఉండకపోవచ్చు. అయినా వందల దరఖాస్తుల్లోంచి పదో పన్నెండో పేర్లు ఏరి, కొత్తవారు ఎవరి బృందంలో చేరాలో ఆ హైరింగ్ మేనేజర్ ముందు పెట్టి, ఆ ఎంపికకు తానే జవాబుదారీగా నిలవాలి. ద లాడర్స్ అనే అమెరికన్ ఉద్యోగాల వెబ్‌సైటు 2012లో రిక్రూటర్ల కంటి కదలికలను పరికరాలతో నమోదు చేసి, రెజ్యూమెను ఉంచాలా తీసేయాలా అని తేల్చుకునే తొలి చూపు సుమారు 6 సెకన్లేనని ప్రకటించింది. 2018లో మళ్లీ పరిశీలించినప్పుడు ఆ కాలం 7.4 సెకన్లుగా తేలింది. పరిశీలనలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ కనుక ఆ అంకెలను శాసనంలా భావించనక్కర్లేదు గాని, ఆ చూపు ఎక్కడెక్కడ నిలిచిందన్నది మాత్రం గమనించదగినది: పేరు, ప్రస్తుత ఉద్యోగం, అంతకు ముందరి ఉద్యోగం, వాటి తేదీలు, చదువు.

ఇంత తక్కువ వ్యవధిలో, ఇంత తక్కువ సమాచారంతో ఒక అపరిచితుడి సామర్థ్యాన్ని అంచనా కట్టడం ఎలా అన్న ప్రశ్న రిక్రూటర్లకన్నా ముందే ఆర్థికవేత్తలను వేధించింది. జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల విపణిని ఉదాహరణగా తీసుకుని, సరుకు నాణ్యత అమ్మేవారికి తెలిసి కొనేవారికి తెలియని చోట మంచి సరుకుకు కూడా తగిన ధర పలకదని నిరూపించారు. దీనినే సమాచార అసమానత అంటారు. మైకేల్ స్పెన్స్ 1973లో అదే తర్కాన్ని ఉద్యోగ విపణికి వర్తింపజేసి, సమర్థుడైన అభ్యర్థి తన సామర్థ్యాన్ని ఏదో ఒక సంకేతం ద్వారా తెలియజేయాలని, అసమర్థుడు అదే సంకేతాన్ని సంపాదించాలంటే అతనికి చాలా ఎక్కువ ఖర్చు లేదా శ్రమ అయినప్పుడే ఆ సంకేతానికి విలువ నిలుస్తుందని వివరించారు. జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిపి ఈ ఇద్దరికీ 2001లో నోబెల్ బహుమతి దక్కింది. సాఫ్ట్‌వేర్ డెవలపర్ రిక్రూటర్ దృష్టిలో పడటమనే ఆచరణాత్మకమైన సమస్యకు యాభై ఏళ్ల నాటి ఈ సిద్ధాంతాన్ని మించిన దారిదీపం మరొకటి లేదు, ఎందుకంటే అభ్యర్థి చేర్చదలచిన ప్రతి వాక్యాన్నీ, ప్రతి సర్టిఫికెట్‌నూ, ప్రతి లింకునూ అది రెండే ప్రశ్నలతో పరీక్షించనిస్తుంది: దీనిని నకలు చేయడం ఎంత కష్టం, దీనిని సరిచూడటం ఎంత తేలిక?

చవకబారిన సంకేతాలు

తెలుగు నేల మీద ఈ సంకేతాలు ఒకదాని తర్వాత ఒకటి ఎలా బలం కోల్పోయాయో పరిశీలిస్తే సిద్ధాంతం కళ్లకు కడుతుంది. 1998 నవంబరులో హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమైన కాలానికి ఇంజినీరింగ్ పట్టా దానంతట అదే గట్టి సంకేతం. ఆ తర్వాత ప్రైవేటు కళాశాలలు వేగంగా పెరిగి, 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేద విద్యార్థులకు కూడా తలుపులు తెరిచాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కళాశాలల సంఖ్య సుమారు 700కు చేరింది. వేలాది కుటుంబాలను పేదరికం నుంచి గట్టెక్కించిన ఆ విస్తరణను తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే లక్షల మంది చేతిలో ఉన్న పట్టా ఒక అభ్యర్థిని మరొకరి నుంచి వేరుచేసి చూపలేదు. అప్పుడు పట్టాకు తోడుగా అమీర్‌పేట కోర్సులు వచ్చాయి. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో జావా, డాట్‌నెట్, ఒరాకిల్, ఆ తర్వాత డెవాప్స్, డేటా సైన్స్ నేర్పిన శిక్షణ కేంద్రాలు నిజంగానే ఎన్నో కళాశాలలు నేర్పని పనిని నేర్పాయి గాని, ఒకే బ్యాచ్‌లో కూర్చున్నవారందరి రెజ్యూమెల్లోనూ ఒకే ప్రాజెక్టు, ఒకే వాక్యాలు కనిపించడంతో ఆ సంకేతం కూడా పలచబడింది. ఆసుపత్రి నిర్వహణ వ్యవస్థ, గ్రంథాలయ నిర్వహణ వ్యవస్థ అన్న పేర్లతో డబ్బిచ్చి కొనుక్కునే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సంగతి సరేసరి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మిగిలిన ఒక సంకేతం కూడా రాలిపోయింది. అంతవరకు తప్పుల్లేని ఇంగ్లీషులో, ఉద్యోగ ప్రకటనకు తగినట్టు మలిచిన కవర్ లెటర్ అభ్యర్థి శ్రద్ధకు నిదర్శనంగా పనిచేసేది; ఇప్పుడు అదే ఉత్తరం అర నిమిషంలో ఎవరికైనా తయారవుతుంది కనుక, చక్కని భాష శ్రద్ధకు సాక్ష్యం కాకుండా పోయింది. అదే కాలంలో పోటీ కూడా తీవ్రమైంది. 2022 నవంబరులో మెటా సుమారు 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ సుమారు 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ సుమారు 10,000 మందిని తొలగించాయి. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గించనున్నట్లు ప్రకటించింది. మరోవైపు విదేశీ సంస్థలు తమ సొంత పనుల కోసం ఇక్కడ నడుపుకునే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల సంఖ్య 2024 నాటికి దేశంలో 1,700 దాటింది, వాటిలో హైదరాబాద్ వాటా గణనీయమైనది. అవకాశాలు లేవన్నది నిజం కాదు. ఉన్న అవకాశాల దగ్గరకు ఒకే పోలికలో కనిపించే దరఖాస్తులు పోటెత్తుతున్నాయన్నది నిజం.

వెతికేవారికి దొరకడం

సంకేతం ఎంత బలమైనదైనా, వెతుకుతున్నవారికి అది దొరకాలి. భారతదేశంలో రిక్రూటర్ల పనిలో పెద్ద భాగం ప్రకటనకు వచ్చిన దరఖాస్తులు చదవడం కన్నా, నౌకరీ డాట్ కామ్ వంటి వేదికలు నిల్వచేసిన రెజ్యూమెల భాండాగారంలో తామే వెతకడం. 1997లో మొదలైన నౌకరీలో రిక్రూటర్ నైపుణ్యం పేరు, అనుభవ సంవత్సరాలు, నగరం, ప్రస్తుత జీతం, నోటీస్ పీరియడ్ అన్న గళ్లు నింపి, ‘జావా ఉండాలి, స్ప్రింగ్ బూట్ గాని మైక్రోసర్వీసెస్ గాని ఉండాలి, టెస్టింగ్ ఉండకూడదు’ అన్న తరహాలో షరతులు కలిపి వెతుకుతారు; ఈ పద్ధతికి బూలియన్ శోధన అని పేరు. ఇటీవల ప్రొఫైల్‌ను నవీకరించినవారినే చూపమని అడిగే వీలు కూడా ఉంటుంది కనుక, ఆరు నెలల క్రితం నింపి వదిలేసిన ప్రొఫైల్ ఎంత గొప్పదైనా అడుగున పడి ఉంటుంది. 2003లో మొదలైన లింక్డ్‌ఇన్‌లోనూ వెతుకులాట తీరు ఇదే. అక్కడ పేరు కింద ఉండే ఒక్క వరుస, అంటే హెడ్‌లైన్, శోధన ఫలితాల్లో పేరుతో పాటు కనిపిస్తుంది కాబట్టి, ఆ చోటును ‘కొత్త అవకాశాల కోసం ఎదురుచూస్తున్నాను’ అన్న మాటకు వెచ్చించడం కన్నా, ఏ పనిలో ఎన్నేళ్లు, ఏ సాంకేతికతతో అన్నది చెప్పడం ఎంతో మేలు.

దరఖాస్తులను స్వీకరించి వరుసలో పెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఏటీఎస్ అంటారు. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, లీవర్ ఈ కోవలోనివి. యంత్రమే తమను తిరస్కరిస్తోందన్న భయం అభ్యర్థుల్లో బలంగా ఉంది గాని, ఆ వ్యవస్థలు సాధారణంగా తమంతట తాముగా తోసిపుచ్చేది పని అనుమతి, నగరం, చేరగల తేదీ వంటి సూటి ప్రశ్నలకు షరతులకు సరిపడని జవాబులు ఇచ్చినవారినే. మిగతా చోట యంత్రం చేసే హాని మరో రకంది: రెండు నిలువు వరుసలుగా విడగొట్టిన రెజ్యూమెను, బొమ్మల్లో నక్షత్రాలుగా చూపిన నైపుణ్యాలను అది సరిగా చదవలేక, తేదీలను ఒక చోటికి, సంస్థ పేరును మరో చోటికి చేర్చేస్తుంది. ఒకే నిలువు వరుసలో, సాదా అక్షరాల్లో, ఉద్యోగ ప్రకటన వాడిన నైపుణ్యాల పేర్లనే వాడుతూ రాసిన ఒకటి రెండు పేజీల పత్రం ఈ ఇబ్బందిని చాలావరకు తప్పిస్తుంది. తండ్రి పేరు, వైవాహిక స్థితి, ‘పై వివరాలన్నీ సత్యమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న ముగింపు ఇంకా ఎన్నో భారతీయ రెజ్యూమెల్లో కనిపిస్తున్నాయి. వాటిని తీసివేస్తే, చేసిన పని చెప్పడానికి ఆ చోటు మిగులుతుంది.

మెయింటెనెన్స్ పనిలోని సంపద

తెలుగు డెవలపర్లలో చాలామంది చేసేది కొత్త ఉత్పత్తులను నిర్మించే పని కాదు. ఏదో దేశంలోని బ్యాంకు, బీమా సంస్థ, చిల్లర వర్తక సంస్థ పదేళ్ల కిందటే రాయించుకున్న సాఫ్ట్‌వేర్‌ను సర్వీస్ కంపెనీ తరఫున కనిపెట్టుకుని ఉండటం, లోపం తలెత్తితే టికెట్ తీసుకుని సరిచేయడం. సపోర్ట్ ప్రాజెక్టులో పడ్డామని, చెప్పుకోవడానికి ఏమీ లేదని వారు వాపోవడం హైదరాబాద్ హాస్టళ్లలో, చెన్నై, బెంగళూరు కార్యాలయాల్లో నిత్యం వినిపించే మాట. ఆ నిరాశతోనే వారు రెజ్యూమెలో ‘రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్’ అన్న శీర్షిక కింద, ఎక్కడి నుంచో తెచ్చిన పది వాక్యాలు దించుతారు: అవసరాలను విశ్లేషించడం, కోడ్ రాయడం, యూనిట్ పరీక్షలు చేయడం, సమావేశాల్లో పాల్గొనడం. ఈ వాక్యాలు దేశంలోని ఏ డెవలపర్‌కైనా సరిపోతాయి కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

నిజానికి రాతి గోడలా నిలిచిన పాత కోడ్ ముందు అర్ధరాత్రి కూర్చుని, లాగ్ ఫైళ్లు చదువుతూ, చెల్లింపులు ఎందుకు ఆగిపోయాయో కనిపెట్టిన వ్యక్తి దగ్గర చెప్పదగిన విషయం పుష్కలంగా ఉంటుంది. ఉదాహరణకు, నెలాఖరు నివేదిక తయారుకావడానికి 4 గంటలు పడుతున్న ఒక వ్యవస్థలో, ప్రతి ఖాతాకూ డేటాబేస్‌ను విడివిడిగా ప్రశ్నించడమే ఆలస్యానికి మూలమని గుర్తించి, ఆ ప్రశ్నలను ఒకే ప్రశ్నగా కూర్చి, తగిన ఇండెక్స్ జతచేసి, కాలాన్ని 20 నిమిషాలకు తగ్గించిన డెవలపర్, ఆ మాటలనే రెండు వరుసల్లో రాస్తే చాలు. ప్రోగ్రామింగ్ తెలియని రిక్రూటర్‌కు 4 గంటలు 20 నిమిషాలు అయిందన్నది అర్థమవుతుంది. హైరింగ్ మేనేజర్‌కు కారణం కనిపెట్టిన తీరు అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో ‘ఆ ఇండెక్స్ ఏ కాలమ్ మీద పెట్టారు, దాని వల్ల కొత్త రికార్డుల చేరిక నెమ్మదించలేదా’ అని అడిగితే ఆ పని చేసినవారు మాత్రమే తడుముకోకుండా జవాబు చెప్పగలుగుతారు. స్పెన్స్ చెప్పిన లక్షణం ఇదే: వాక్యాన్ని ఎవరైనా దించుకోవచ్చు, కాని దాని వెనక వచ్చే మూడో ప్రశ్నకు నిలబడలేరు.

అంకెలు లేని పనులూ ఉంటాయి, లేని అంకెను కల్పించకూడదు. ప్రతి వాక్యానికీ శాతాలు అతికించాలన్న సలహా విరివిగా ప్రచారంలో ఉండటం వల్ల, ‘పనితీరు 40 శాతం పెంచాను’ అని రాసి, ఏ కొలతలో, దేనితో పోల్చి అంటే చెప్పలేని పరిస్థితి ఇంటర్వ్యూల్లో తరచు ఎదురవుతోంది. అంకె లేనప్పుడు పరిమాణాన్ని, పరిస్థితిని చెప్పవచ్చు: ఆ వ్యవస్థను ఎంతమంది వాడతారు, అది ఆగిపోతే ఏమవుతుంది, బృందంలో ఎందరు, అందులో స్వయంగా చేసిన భాగమేది. క్లయింట్ పేరు బయటపెట్టకూడదన్న ఒప్పందం ఉంటే దానిని గౌరవించి, ‘అమెరికాకు చెందిన ఒక ఆరోగ్య బీమా సంస్థ’ అని రాస్తే సరిపోతుంది. ఒప్పందాన్ని పాటించే వ్యక్తి అని కూడా ఆ మాటే తెలియజేస్తుంది. ఈ పని ఉద్యోగం వెతుక్కునే వారంలో కూర్చుని చేయగలిగేది కాదు. నెలకొకసారి, ఆ నెలలో పరిష్కరించిన కష్టమైన సమస్యను, దాని కారణాన్ని, ఫలితాన్ని సంస్థ రహస్యాలేవీ లేకుండా సొంత పుస్తకంలో రాసుకునే అలవాటు ఉన్నవారికి, రెండేళ్ల తర్వాత రెజ్యూమె రాయడం ఆ పుస్తకంలోంచి ఏరుకోవడమే అవుతుంది.

అందరూ చూడగలిగే పని

సంస్థ లోపల చేసిన పనిని బయటివారు చూడలేరు. బహిరంగంగా చేసిన పనిని ఎవరైనా చూడవచ్చు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే సాధనం ప్రోగ్రాములో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో చరిత్రగా భద్రపరుస్తుంది. 2008లో మొదలై, 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్న గిట్‌హబ్ ఆ చరిత్రను ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా నిలుపుతుంది. ఇతరుల ప్రాజెక్టులో ఒక మార్పును ప్రతిపాదిస్తూ పంపే అభ్యర్థనను పుల్ రిక్వెస్ట్ అంటారు. దానిని ఆ ప్రాజెక్టు నిర్వాహకులు చదివి, ప్రశ్నించి, సరిచేయమని అడిగి, నచ్చితేనే కలుపుకుంటారు. ఆ సంభాషణంతా అక్కడే నిలిచి ఉంటుంది కనుక, విమర్శకు అభ్యర్థి ఎలా స్పందించాడో, తప్పు ఎలా దిద్దుకున్నాడో హైరింగ్ మేనేజర్ ఐదు నిమిషాల్లో చదువుకోవచ్చు. నకలు చేయడం కష్టం, సరిచూడటం తేలిక అన్న రెండు షరతులూ ఇంత చక్కగా కుదిరే సంకేతాలు అరుదు.

ఈ సంకేతాన్ని కూడా చవకగా సంపాదించే ప్రయత్నాలు జరగకపోలేదు. అక్టోబరు నెలలో నిర్ణీత సంఖ్యలో పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో 2020లో పనికిరాని మార్పులు వరదలా వచ్చిపడటంతో, నిర్వాహకులు ఇష్టపడి చేర్చుకున్న ప్రాజెక్టులకే దానిని పరిమితం చేయవలసి వచ్చింది. 2024 ఆరంభంలో ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు, ఒక యూట్యూబ్ పాఠంలో చూపిన ఉదాహరణను అనుసరించి, పరిచయ పత్రంలో తమ పేరు చేర్చమంటూ విద్యార్థుల నుంచి అభ్యర్థనలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఎక్కువ భారతదేశం నుంచే. స్వచ్ఛందంగా శ్రమించే నిర్వాహకుల కాలాన్ని ఆ అభ్యర్థనలు హరించాయి, పంపిన విద్యార్థులకు దక్కింది శూన్యం, నిజమైన పని చేసే భారతీయ యువకుల మీద కూడా అనుమానం మిగిలింది. ఇది బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ విద్యార్థుల్లో చాలామందికి సరైన దారి చూపినవారు లేరు.

సరైన దారి ఉద్యోగంలో వాడుతున్న సాధనం దగ్గరే మొదలవుతుంది. రోజూ వాడే లైబ్రరీలో ఒక లోపం ఎదురైనప్పుడు, దానిని మళ్లీ మళ్లీ పుట్టించగలిగే అతి చిన్న ఉదాహరణను తయారుచేసి నివేదించడం కోడ్ రాయడంకన్నా తక్కువ విలువైన పని కాదు. ఆ తర్వాత దానిని సరిచేసే పది వరుసలు కూడా రాయగలిగితే మరీ మంచిది. తెలుగువారికి మాత్రమే సహజంగా అందే రంగం కూడా ఒకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనిపించని ఒక చిహ్నంతో కలిసి వచ్చిన ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం తెరమీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. ఒత్తులు, గుణింతాలు కలిసి ఒక రూపంగా కూడే లిపిని తెరమీద సరిగా గీయడం ఎంత జటిలమో ఆ సంఘటన ప్రపంచానికి చూపింది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్ వంటి వాటిలో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టే, అంటే దాని మూల కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్పు ప్రతిపాదించవచ్చు. తెలుగు ఫాంట్లు, అచ్చు పుటల నుంచి అక్షరాలను గుర్తించే సాధనాలు, అక్షరదోషాలు పట్టే సాధనాలు, తెలుగు వికీపీడియాకు కావలసిన చిన్న చిన్న ప్రోగ్రాములు, హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని నడిపే స్వేచ్ఛ సంస్థ పనులు, ఇవన్నీ చేతుల కోసం ఎదురుచూస్తున్న రంగాలు. లిపి తెలిసినవారే కనిపెట్టగల లోపాలు వాటిలో ఉన్నాయి, వాటిని సరిచేసిన తెలుగు డెవలపర్ రెజ్యూమె వేయి రెజ్యూమెల్లో కలిసిపోదు.

సొంత ప్రాజెక్టు చూపదలచినవారు పదింటి బదులు ఒకదానిని పూర్తిచేయడం మంచిది. పాఠం చూసి కట్టిన సినిమాల జాబితా యాప్ నేర్చుకోవడానికి పనికొస్తుంది, చూపించడానికి పనికిరాదు. ఎవరో ఒకరు నిజంగా వాడుతున్న చిన్న సాధనం, లింకు నొక్కగానే తెరుచుకునేది, అది ఏ సమస్యను పరిష్కరిస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో మొదటి పుటలోనే నిజాయితీగా చెప్పేది, నాలుగు పరీక్షలు రాసి ఉన్నది అయితే చాలు. కృత్రిమ మేధ సాయంతో కోడ్ రాసి ఉంటే దాచనవసరం లేదు. రాసిన ప్రతి భాగాన్నీ వివరించగలగాలి, ఎందుకు అలాగే ఉంచారో, ఎందుకు మార్చారో చెప్పగలగాలి.

బహిరంగంగా చేసిన పని ఎంత గొప్పదైనా కోడింగ్ పరీక్ష నుంచి మినహాయింపు దొరకదన్నది కూడా చెప్పుకోవాలి. మ్యాక్ కంప్యూటర్లలో ప్రోగ్రాములను స్థాపించుకోవడానికి లెక్కలేనంతమంది ఇంజినీర్లు వాడే హోమ్‌బ్రూను సృష్టించిన మాక్స్ హౌవెల్, తెల్లబోర్డు మీద ఒక బైనరీ ట్రీ ప్రశ్న కారణంగా గూగుల్ తనను తీసుకోలేదని 2015లో బహిరంగంగానే ప్రకటించారు. లీట్‌కోడ్, కోడ్‌చెఫ్ వంటి వేదికల్లో సాధన అందుకే అవసరమవుతోంది. ఉద్యోగులను ఎంపిక చేసే పద్ధతుల మీద వెలువడిన అధ్యయనాలను 2022లో పునఃపరిశీలించిన పాల్ సాకెట్, ఆయన సహచరులు, అందరినీ ఒకే ప్రశ్నలడిగి, ముందుగా నిర్ణయించిన కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూయే పనితీరును అన్నిటికన్నా బాగా అంచనా కడుతుందని తేల్చారు. అలాంటి ఇంటర్వ్యూలో జవాబు ఎంత ముఖ్యమో ఆలోచనను పైకి చెబుతూ సాగడం కూడా అంతే ముఖ్యం కనుక, మౌనంగా వెయ్యి లెక్కలు చేసినవారికన్నా, వంద లెక్కలను స్నేహితుడికి వివరిస్తూ చేసినవారే అక్కడ రాణిస్తారు.

దూరపు పరిచయాల బలం

స్పెన్స్ వ్యాసం వెలువడిన 1973లోనే సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ మరో ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. బోస్టన్ శివారు పట్టణమైన న్యూటన్‌లో, పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించిన వృత్తి నిపుణులను అడిగితే, ఆ పరిచయస్తుణ్ని తరచు కలుస్తామన్నవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలుస్తామన్నవారు 55.6 శాతం, అరుదుగా కలుస్తామన్నవారు 27.8 శాతం. దగ్గరి మిత్రులకు తెలిసిన సమాచారమే అభ్యర్థికీ తెలిసి ఉంటుందని, కొత్త సమాచారం వేరే వలయాల్లో తిరిగేవారి నుంచే వస్తుందని ఆయన వివరించారు. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్లపాటు జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వెలువడి, మరీ దగ్గరివీ మరీ దూరపువీ కాని పరిచయాలే ఉద్యోగ మార్పుకు ఎక్కువ తోడ్పడతాయని నిరూపించాయి.

ఎస్సార్ నగర్ హాస్టల్ గదిలో కలిసి ఉన్న నలుగురు మిత్రులు ఒకే కోర్సు నేర్చుకుని ఒకే ఉద్యోగ ప్రకటనలను ఒకరికొకరు పంపుకోవడాన్ని ఈ పరిశోధన వెలుగులో చూస్తే దాని పరిమితి అర్థమవుతుంది. రెండేళ్ల క్రితం వేరే బృందానికి మారిన సహోద్యోగి, కళాశాలలో మూడేళ్లు సీనియర్, 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌లో జరిగిన పైకాన్ ఇండియా వంటి సదస్సులో పక్క కుర్చీలో కూర్చున్న అపరిచితుడు, వీరే కొత్త తలుపులు. అటువంటివారిని రిఫరల్ అడగడంలో, అంటే తమ సంస్థ అంతర్గత వ్యవస్థలో అభ్యర్థి పేరు సిఫారసు చేయమని కోరడంలో, మర్యాద ఒకటుంది. ‘అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడు’ అన్న సందేశం పనిభారమంతా ఎదుటివారి మీద మోపుతుంది. ఫలానా సంఖ్య గల ఫలానా ఉద్యోగానికి తాను ఎందుకు సరిపోతానో మూడు వాక్యాల్లో రాసి, రెజ్యూమె, చేసిన పని లింకు జతచేసి, వీలుకాకపోతే ఇబ్బంది లేదని చెప్పే సందేశాన్ని ఎదుటివారు ఉన్నదున్నట్టు ముందుకు పంపగలుగుతారు.

అబద్ధం ఖరీదు

ఇంత చెప్పాక అనుభవాన్ని కొనుక్కునే విషయాన్ని దాటవేయడం బాధ్యత అనిపించుకోదు. చదువు పూర్తయిన యువకుడికి మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు, జీతం చీటీలు తయారుచేసి ఇచ్చే కన్సల్టెన్సీలు, ఇంటర్వ్యూలో అభ్యర్థి పేరుతో మరొకరు మాట్లాడే ప్రాక్సీ పద్ధతి హైదరాబాద్‌లో బహిరంగ రహస్యాలే. అప్పులు చేసి చదివించిన తల్లిదండ్రుల ముఖం చూడలేక ఆ దారి పట్టేవారి నిస్సహాయతను అర్థం చేసుకోవచ్చు. ఆ దారి మాత్రం ఏటేటా మరింత ఇరుకవుతోంది. 2006లో ఐటీ సంస్థల సంఘమైన నాస్కామ్ చొరవతో, ఉద్యోగుల వివరాలను సరిచూసి భద్రపరిచే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ ఏర్పడింది. 2014లో భవిష్యనిధి సంస్థ ప్రతి ఉద్యోగికీ ఒకే యూఏఎన్ సంఖ్య కేటాయించడం మొదలుపెట్టాక, ఎవరు ఏ సంస్థలో ఏ నెల నుంచి ఏ నెల వరకు పనిచేశారో ఒక్క పత్రంలో కనిపిస్తోంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే చేరే ముందో చేరిన తర్వాతో జరిపే పూర్వాపరాల విచారణలో, ఉద్యోగంలో చేరిన ఏడాదికి కూడా అబద్ధం బయటపడి ఉద్యోగం పోవచ్చు. అమెరికాలో ఉన్నవారికి ప్రమాదం ఇంకా పెద్దది: వీసా ప్రయోజనం కోసం ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ దేశ చట్టం ప్రకారం ప్రవేశార్హతను శాశ్వతంగా కోల్పోయే అవకాశముంది.

నిజాయితీ కొరతగా ఉన్న విపణిలో అది ప్రత్యేకతగా మారే చోటు నోటీస్ పీరియడ్. భారతీయ ఐటీ సంస్థల్లో రాజీనామా తర్వాత 60 నుంచి 90 రోజులు పనిచేయవలసిన నియమం సాధారణం; ఆ కాలంలో ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని మరొకటి వెతుక్కుని, చేరవలసిన రోజున ఫోను ఎత్తనివారి అనుభవం ప్రతి రిక్రూటర్‌కూ ఉంటుంది. అందుకే మొదటి ఫోను సంభాషణలోనే చివరి పనిదినం ఫలానా తేదీ అని, దానిని డబ్బు కట్టి తగ్గించుకునే వీలు ఉందో లేదో, చేతిలో మరో ఆఫర్ ఉంటే అది కూడా ఉందని స్పష్టంగా చెప్పే అభ్యర్థి రిక్రూటర్ పనిని తేలిక చేస్తాడు, ఆ తర్వాత ఖాళీ వచ్చినప్పుడు ముందుగా గుర్తుకొస్తాడు.

విరామం ఉన్న రెజ్యూమెలకు కూడా ఇదే నిజాయితీ వర్తిస్తుంది. అమెరికాలో ఉద్యోగం పోయిన హెచ్1బీ వీసా ఉద్యోగికి కొత్త సంస్థను వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు, చదువు తర్వాత ఓపీటీ అనే పని అనుమతి మీద ఉన్న విద్యార్థికి మొత్తం 90 రోజుల నిరుద్యోగ గడువు ఉండటంతో, ఆ వ్యవధిలో ఉద్యోగం దొరక్క తిరిగివచ్చిన తెలుగువారి రెజ్యూమెల్లోనూ, పిల్లల పెంపకానికో పెద్దల సేవకో ఉద్యోగం మానిన మహిళల రెజ్యూమెల్లోనూ ఒకే ఖాళీ కనిపిస్తుంది. దానిని కప్పిపుచ్చడానికి తేదీలను సాగదీస్తే యూఏఎన్ పత్రం బయటపెడుతుంది. గోల్డ్‌మన్ శాక్స్ 2008లో రిటర్న్‌షిప్ పేరుతో విరామం తర్వాత తిరిగి వచ్చేవారికి కొన్ని వారాల పని అవకాశం కల్పించే పద్ధతిని మొదలుపెట్టింది, టాటా వంటి భారతీయ సంస్థలు కూడా అటువంటి కార్యక్రమాలు చేపట్టాయి. వాటికి విడిగా దరఖాస్తు చేసుకోవడం సాధారణ ప్రకటనలకు పంపడంకన్నా ఫలవంతం. రెజ్యూమెలో ఆ ఖాళీ ఉన్న చోటే ‘2022 జూన్ నుంచి 2024 ఆగస్టు వరకు కుటుంబ బాధ్యతల కారణంగా విరామం’ అని ఒక్క వరుసలో రాసి, దాని కిందనే గడిచిన మూడు నెలల్లో పూర్తిచేసిన పనిని, అది ఓపెన్ సోర్స్ మార్పు అయినా, ఒక చిన్న సంస్థకు కట్టిచ్చిన వెబ్‌సైటు అయినా, తేదీతో, లింకుతో ఉంచితే, రిక్రూటర్ అడగబోయే మొదటి ప్రశ్న విరామం గురించి కాకుండా ఆ పని గురించే వస్తుంది.